లెడ్జర్ల కాలంనాటి పాస్‌బుక్: పాత ఖాతా నంబరు కంప్యూటర్లో దొరకడం లేదు, దారి చెప్పండి

అందరికీ నమస్కారం. పోయిన నెల మా అమ్మమ్మ కాలం చేసింది. ఆవిడ ట్రంకు పెట్టెలో, చీర మడతల మధ్య, ఒక బ్యాంకు సేవింగ్స్ పాస్‌బుక్ దొరికింది. అంతా చేతిరాతే. చివరి ఎంట్రీ 1994 మార్చిది, నిల్వ రూ. 4,860, పక్కనే ఎర్ర సిరాతో ఆఫీసరు పొడి సంతకం. మొదటి పేజీలో ఖాతా నంబరు కింద లెడ్జరు పేజీ నంబరు కూడా వేసి ఉంది.

బ్రాంచికి వెళ్తే, “కంప్యూటర్లు వచ్చినప్పుడు నంబర్లన్నీ మారాయండి, ఇది సిస్టంలో లేదు” అని పంపేశారు. పదేళ్లు కదలని డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుందనీ, అయినా వారసులు అదే బ్యాంకులో అడగొచ్చనీ తెలుసు. ఇలా ఎవరూ అడగని డిపాజిట్లను వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023లో తెచ్చిన ఉద్గమ్ పోర్టల్లో ఆవిడ పేరు రకరకాల స్పెల్లింగులతో వెతికాను, రాలేదు.

ఆ రోజుల్లో లెడ్జర్లలోని నిల్వలను కంప్యూటర్లోకి ఎక్కించిన ఉద్యోగులు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? పాత నంబరుకు కొత్త నంబరు ఏదో చూపే రిజిస్టరు ఉండేదా? కదలని ఖాతాలు విడి లెడ్జరులోనే ఉండిపోయాయా? దరఖాస్తులో ఏమని రాయాలి?

కూలి డబ్బుల్లోంచి పదీ ఇరవై చొప్పున ఆవిడ వేసుకున్న సొమ్మండీ అది. అమ్మ ఆ పుస్తకం చేతిలోంచి వదలడం లేదు.