అప్‌డేట్: చెర్రీ రొయ్యల్లో ఆడవేవో మగవేవో తేలింది

భీమవరంలో మా ఇంటి తొట్టెలో ఉన్న 12 చెర్రీ రొయ్యల్లో (అందానికి పెంచుకునే చిన్న ఎర్ర రొయ్యలు) ఆడవేవో మగవేవో తెలియట్లేదని అడిగాను కదండీ. 7 ఆడ, 4 మగ. మిగిలినది ఇంకా సెంటీమీటరే ఉంది, అంత పిల్లదాన్ని తేల్చలేం.

రంగొక్కటే నమ్మొద్దని మీరన్నది నిజమండి. ఆడదానికి ఎరుపు చిక్కగా ఉంటుంది గానీ, కొత్త నీళ్లలో వేసినప్పుడు బెదురుకి అన్నీ పాలిపోతాయి. పక్క నుంచి పొట్ట కింది గీత చూడాలి. ఆడదానికి అక్కడి పెంకు పలకలు వెడల్పుగా కిందికి దిగి, గుడ్లకి గొడుగు పట్టినట్టు వంపు తిరుగుతాయి. మగదానికి ఆ గీత తోక దాకా తిన్నగా పోతుంది, ఒళ్లు కూడా సన్నం. వెనక నుంచి టార్చి వేస్తే తల వెనక, వీపు మీద పసుపుపచ్చ మచ్చ కనపడుతుంది. అది అండాశయం. మచ్చ ఉంటే ఆడదే. లేదని మగదనుకోకండి, ముదురెరుపు పెంకు చాటున అది కనపడదు.

మన చెరువుల్లో పెంచే వనామీ రొయ్యని తిరగేసి కాళ్ల మధ్య చూసినట్టు వీటిని చూడకండి, దానికి ఆడామగా తేల్చే ఆ భాగాలు వీటికి లేవు. వనామీ గుడ్లు నీళ్లలో వదిలేస్తుంది, ఇది పొట్ట కిందే మోస్తుంది.

ఒకదానికి ఇప్పుడు గుడ్లున్నాయి! పొదగడానికి సుమారు 3 వారాలు. అందాకా నీళ్లు పదో వంతుకి మించి మార్చను. ఒక్కసారే ఎక్కువ మారిస్తే ముందే కుబుసం విడుస్తుంది, గుడ్లు దాంతోనే పోతాయి. పుట్టే పిల్లలు లోపలికి పోకుండా ఫిల్టరు మూతికి స్పాంజి కట్టేశాను.