ఫోన్‌లోనే ఎం.కాం. క్లాసులు, ఇంట్లో కుదురుగా కూర్చునేదెట్టా?

పైరగాలి (కొండపి దగ్గర పల్లె, ప్రకాశం జిల్లా):

అందరికీ నమస్కారం. డిగ్రీ అయిన 12 ఏళ్లకు మళ్లీ పుస్తకం పట్టాను. ఆన్‌లైన్‌లో ఎం.కాం. చేరాను. వారానికి నాలుగు రోజులు, సాయంత్రం 7 నుంచి 8:30 దాకా జూమ్‌లో క్లాసు. ల్యాప్‌టాప్ లేదు, ఫోనే. రోజుకు 1.5 జీబీ డేటా.

పోయిన మంగళవారం మొదటి క్లాసు. సార్ ఒక్కొక్కరినీ పరిచయం చేసుకోమన్నారు. నా వంతు వచ్చేసరికి సార్ నన్ను మా ఆయన పేరుతో పిలిచారు, స్క్రీన్ మీద ఆ పేరే ఉందట. నేను మాట్లాడుతూనే ఉన్నాను, సార్ “వినపడటం లేదండీ” అంటూనే ఉన్నారు. అంతలో రేపు పొగాకు గ్రేడింగ్‌కు (ఆకును రకాలుగా వేరుచేయడానికి) వచ్చే కూలీల సంగతి అడగడానికి మేస్త్రి ఫోన్ చేశాడు. అది కట్ చేసి చూసేసరికి ఇంకొకరి పరిచయం నడుస్తోంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన క్లాసు, నా పేరు కూడా చెప్పుకోలేకపోయాను.

గదిలో సిగ్నల్ ఒక్క గీతే. మిద్దె మీద నిండుగా ఉంటుంది కానీ చీకటి, దోమలు. కెమెరా పెట్టమంటే నా వెనక పొగాకు కట్టలు, దండెం మీద బట్టలు కనిపిస్తాయి. ఇంకో టెన్షన్ ఏమంటే, నా డిగ్రీ తెలుగు మీడియం, వాళ్లు పంపే నోట్స్ అంతా ఇంగ్లీషు. సార్ చెప్పేది వింటే రాయలేను, రాస్తే వినలేను. క్లాసుకు ముందు ఏం చేసుకోవాలి, క్లాసులో ఎలా ఉండాలి, ఇలా చదివినవాళ్లుంటే చెప్పండి. మానేయడం మాత్రం నాకు ఇష్టం లేదు.

పెన్నా ఒడ్డు (నెల్లూరు):

అక్కా, మాట వినపడకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఒకటే. ఫోన్‌లో జూమ్ తెరిచాక ఆడియోలో చేరమని అడుగుతుంది. అక్కడ ‘వైఫై ఆర్ సెల్యులర్ డేటా’ నొక్కాలి, మైకుకు పర్మిషన్ ఇవ్వాలి. అది తప్పితే క్లాసులో ఉన్నట్టే కనిపిస్తుంది, మాట మాత్రం బయటికి పోదు. పేరు సంగతి తేలిక, పార్టిసిపెంట్స్‌లో మీ పేరు నొక్కితే రీనేమ్ వస్తుంది. కాల్స్ ఆ గంటన్నరా బావగారి నంబరుకు ఫార్వర్డ్ పెట్టేయండి.

డేటాకు భయపడొద్దు. జూమ్ లెక్క ప్రకారం గ్రూపు వీడియో బాగా కనిపించడానికి సెకనుకు 600 కిలోబిట్లు చాలు, అంటే గంటకు 270 ఎంబీ. మాట ఒక్కటే అయితే గంటకు 30 ఎంబీ చుట్టూ. సిగ్నల్ తగ్గినప్పుడు ముందు మీ కెమెరా ఆపండి, మాట నిలబడుతుంది. ఇంట్లో పాత ఫోన్ ఉంటే సిమ్ వేసి మిద్దె మీద హాట్‌స్పాట్ పెట్టండి. సెట్టింగ్స్‌లో 5 కాకుండా 2.4 గిగాహెర్ట్జ్ ఎంచుకుంటే గోడలు దాటి కింది గదికి వస్తుంది.

దర్శి మాస్టారు:

అమ్మా, నేను కామర్స్ చెబుతాను. 2020 మార్చిలో కాలేజీలు మూతపడ్డాక నెలల తరబడి ఫోన్‌ను పుస్తకాల దొంతరకు ఆనించి క్లాసులు చెప్పాను. ఇటువైపు నుంచి ఎలా ఉంటుందో మీకు తెలియాలి. 40 పేర్లు, 40 నల్ల గడులు. ‘అర్థమైందా’ అంటే చప్పుడుండదు. ఒక అమ్మాయి మాత్రం మైకు తీసి “సార్, ఇంకొక్కసారి” అనేది. ఆమె వెనక కోళ్లు అరుస్తుండేవి. ఆ అరుపులు వినపడిన రోజు పాఠం ఎవరికో చేరిందని నాకు ధైర్యంగా ఉండేది. పొగాకు కట్టలు కనపడ్డాయని చిన్నచూపు చూసే మాస్టారు ఉంటే తప్పు ఆయనది.

ఇక ముందురోజు పని. నోట్స్ మొత్తం చదవాలని పెట్టుకోకండి, 15 నిమిషాలు చాలు. హెడ్డింగులు మాత్రం వరసగా నోట్‌బుక్‌లోకి ఎక్కించి, ఒక్కోదాని కింద అరపేజీ ఖాళీ వదలండి. తెలియని మాట పక్కన మీ తెలుగు మీడియం మాట రాసుకోండి. ఫిక్స్‌డ్ కాస్ట్ అంటే మీరు చదివిన స్థిర వ్యయమే, వేరియబుల్ కాస్ట్ అంటే చర వ్యయమే. సిగ్నల్ పోయి ఐదు నిమిషాలకు తిరిగొచ్చినా సార్ ఏ హెడ్డింగులో ఉన్నారో పట్టేస్తారు. పోయిన చోట పేజీ ఖాళీగా ఉంటుంది, తర్వాత రికార్డింగులో ఆ ముక్క వెతుక్కోవచ్చు. మా పిల్లలు చాలామంది ఇక్కడే జారిపోయారు. తిరిగొచ్చేసరికి పాఠం ఎటుపోయిందో తెలియదు, అడగాలంటే మొహమాటం, రెండుసార్లు అలా అయ్యాక మూడోసారి లింకే నొక్కరు. క్లాసులో మూడు నాలుగు మాటలకు మించి రాయకండి. 8:30కి ఫోన్ పక్కన పెట్టి వెంటనే ఆ ఖాళీలు నింపండి, పొద్దున చూద్దామనుకుంటే సగం పోతుంది.

ఉదయగిరి కొండ:

మాస్టారు చెప్పినట్టు రికార్డింగు పోయిన ముక్క వెతుక్కోవడానికే పనికొస్తుంది చెల్లీ. నేను మొదటి సెమిస్టర్‌లో తర్వాత చూద్దాంలే అని 23 క్లాసులు పేర్చుకున్నాను, పరీక్షల ముందు ఒక్కటీ పూర్తిగా చూడలేకపోయాను.

నాకు కష్టమైంది ఇల్లే. చేతిలో ఫోన్ ఉంటే ఖాళీగా ఉన్నామనుకుంటారు. మా అత్తమ్మ చదువుకోలేదు. ఒకరోజు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఇయర్‌ఫోన్ ఒకటి ఆమె చెవిలో పెట్టాను. పది నిమిషాలు కదలకుండా విన్నది. మర్నాటి నుంచి ఎవరొచ్చినా “పిల్ల బళ్లో ఉంది, గంటాగి రాండి” అని వాకిట్లోనే ఆపేది. వంట ఆరున్నరకే ముగించండి, మంచం మీద కాకుండా కింద చాప మీదైనా కూర్చోండి. మీ బ్యాచ్‌లో ముగ్గురు నలుగురితో ఆదివారం కలిసి చదువుకోండి. గూగుల్ మీట్‌లో ఉచితంగా గంట మాట్లాడుకోవచ్చు, ఉచిత జూమ్ అయితే 40 నిమిషాలకే ఆగుతుంది.

పైరగాలి:

తొమ్మిది రోజులైంది, చెప్పాలనిపించి వచ్చాను. మా మరిది పాత ఫోన్ పిట్టగోడ మీద పెట్టాను. మంచు పడకుండా ముందు స్టీలు డబ్బాలో పెడితే సిగ్నల్ అందలేదు, ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాక కింద మూడు గీతలు వస్తున్నాయి. స్క్రీన్ మీద ఇప్పుడు నా పేరుంది.

నిన్న మార్జినల్ కాస్టింగ్, అంటే స్థిర, చర వ్యయాలను విడదీసి లెక్కగట్టే పాఠం. స్థిర వ్యయానికి ఉదాహరణ చెప్పమన్నారు సార్. ఎవరూ పలకలేదు. మాస్టారి నల్ల గడులు గుర్తొచ్చి మైకు నొక్కాను. “మా బ్యారన్ సార్. ఒక్కసారి కాల్చినా పదిసార్లు కాల్చినా దాని మరమ్మతు ఖర్చు మారదు. కట్టెలు మాత్రం ఎన్నిసార్లు కాలిస్తే అన్నిసార్లు కొనాలి” అన్నాను. సార్‌ది మన వైపు కాదు, బ్యారన్ అంటే ఏమిటని అడిగారు. అది పొగాకు ఆరబెట్టే గది అని, పచ్చి ఆకును కర్రలకు అల్లి లోపల వరసలుగా కట్టి కట్టెల వేడితో ఎలా కాలుస్తామో చెప్పాను. కెమెరా ఆన్ చేసి వెనక కట్టలు నేనే చూపించాను. క్లాసు చివరిదాకా ఆ బ్యారన్ లెక్కే నడిచింది. ఎంత ఆకు కాలిస్తే ఖర్చు గిట్టుతుందో తేల్చుకు రమ్మన్నారు.

మామయ్య దగ్గర కూర్చుని పోయినేటి కట్టెల బిల్లులన్నీ తీయించాను. అత్తమ్మ కూడా కూలి లెక్కలు గుర్తుచేసుకుని చెప్పింది. మాస్టారూ, కాంట్రిబ్యూషన్ (అమ్మకం ధరలో చర వ్యయం పోగా మిగిలేది) ఒక్కో కాల్పుకు తీయాలా, కిలోకు తీయాలా? రేపు 7 గంటలకు చెప్పాలి.

దర్శి మాస్టారు:

కిలోకు తీయండమ్మా. వేలంలో ధర పలికేది కిలోకే కదా. కూలిలో అల్లకం, గ్రేడింగ్ రెండూ కలపడం మరిచిపోకండి, అవి చర వ్యయాలే.