షుగర్ క్యాంపుకి మన సంఘం డబ్బు పెట్టాలా వద్దా?

పర్లాకిమిడి_కుర్రోడు: నవంబర్ 14, ప్రపంచ మధుమేహ దినం. మన తెలుగు సంఘం వాళ్లు మళ్లీ క్యాంపు పెడతామంటున్నారు. టెంటు, బ్యానరు, ఫొటోలు, అంతే. ఆ డబ్బుతో స్ట్రిప్పులు కొని వీధికో గ్లూకోమీటరు ఇస్తే పోలేదా?

గుణుపురం_కోడలు: తమ్ముడూ, క్యాంపుని అంత తీసిపారెయ్యకు. మా మావయ్యగారికి షుగరుందని తెలిసింది అక్కడే. ఊరికే దాహం, రాత్రి ఒంటికి లేవడం... వయసని సరిపెట్టుకున్నాం.

జయపురం_ల్యాబ్: నేను ల్యాబులో పనిచేస్తాను. ఓ క్యాంపులో చూసింది చెప్తా. గుడి మెట్ల పక్కనే బల్ల వేశారు. జనం చక్కెర పొంగలి తిని, చెయ్యి పంచెకి తుడుచుకుని వేలు చాపుతున్నారు. వేలికి తీపి అంటితే మీటరు ఎక్కువ చూపిస్తుంది. 240 చూసి ఒకావిడ ఏడుపందుకుంది. సబ్బుతో కడిగించి మళ్లీ గుచ్చితే 132! అదీ తిన్నాక తీసింది, దానికేం కంగారక్కర్లేదు. పరగడుపున 126, ఆపైన వస్తే అనుమానించాలి, ఆస్పత్రిలో రక్తం తీయించి ఖాయం చేసుకోవాలి. 100 నుంచి 125 వరకూ షుగరుకి ముందు దశ. ఇంకో మాట. మన కొరాపుట్, రాయగడ వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు ఎక్కువ. అది ఉన్నవాళ్లకి ఎర్రకణాలు త్వరగా పోతాయి కాబట్టి హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష, నమ్మలేం. షుగరున్నా తక్కువ రావచ్చు.

బరంపురం_మాస్టారు: 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల ఇండియాబ్ సర్వే లెక్కలో దేశంలో షుగరున్నవాళ్లు 10.1 కోట్లు, ముందు దశలో 13.6 కోట్లు. ఒక్కరోజు టెంటుకి తేలే పనేనా ఇది? 30 దాటినవాళ్లందరికీ సర్కారు పరీక్ష ఎలాగూ ఉంది, ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఫారం నింపుతుంది. మా వీధి ముసలాళ్లేమో గుమ్మంలోంచే "బాగానే ఉన్నామమ్మా" అని పంపేస్తారు. సంఘం తరఫున ఆవిడ పక్కన తెలిసిన మనిషి ఒకరు వెళ్తే చాలు, తలుపు తీస్తారు.

పర్లాకిమిడి_కుర్రోడు: తెలిసినవాళ్లొస్తే ఇంకా దాస్తారు మాస్టారూ! పెళ్లి కావాల్సిన పిల్ల ఉన్న ఇంట్లో షుగరు మాట బయటికి రానిస్తారా?

గుణుపురం_కోడలు: అది నిజమే. మా ఆడపడుచు మాత్రల డబ్బా బియ్యం డ్రమ్ములో పెట్టేది. అందుకే ఆ వచ్చే మనిషి పక్కూరి మనిషైతే మంచిది. మైకులో మాత్రం ఎవరి అంకెలూ చదవకండి బాబూ, పోయినసారి చదివారు.

జయపురం_ల్యాబ్: క్యాంపు పెట్టండి, కాకపోతే పొద్దున్న ఆరున్నరకి, ప్రసాదానికి ముందు. సబ్బు, బకెట్టు నీళ్లు ఉండాలి. ఎక్కువొచ్చిన వాళ్లని మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషి ముందే కుదరాలి. కుదరకపోతే మీ క్యాంపుకి నేను రాను.

పర్లాకిమిడి_కుర్రోడు: టెంటువాడికి పది గంటలకని అడ్వాన్సు ఇచ్చేశారట. ఆరున్నరకి మన కమిటీలో లేచేది మాస్టారొక్కరే.

బరంపురం_మాస్టారు: నేను లేస్తాను. సబ్బు నువ్వు తెచ్చుకో.