చెరువు అంచున తుంగ: తీసేయాలా, ఉంచాలా?

ప్రశ్న:
మా ఊరి చెరువులో ఈ వేసవిలో పూడిక తీయబోతున్నారు. అలుగు పక్కన చిత్తడిలో నడుమెత్తు తుంగ గుబురుగా పెరిగి ఉంది. వేళ్లతో సహా తవ్వేయకపోతే పొలాల్లోకి పాకుతుందని రైతులు పట్టుబడుతున్నారు. నాకు మనసొప్పడం లేదు. వాళ్లకు ఏమని చెప్పాలి?

జవాబు 1:
ముందు అది తుంగో జమ్మో చూడండి. కాడను వేళ్ల మధ్య దొర్లిస్తే మూడు పలకలు తగలాలి. మధ్యలో కణుపులు ఉండవు, లోపల తెల్లటి బెండు ఉంటుంది. జమ్ముకైతే పొడవాటి పట్టీల్లాంటి ఆకులు, గోధుమరంగు కంకి ఉంటాయి.

జవాబు 2:
మాది ఒకప్పుడు తుంగచాపలు నేసిన ఇల్లండి. పచ్చికాడను మా అమ్మమ్మ చిన్న కత్తితో నిలువునా చీల్చి ఎండలో పరిచేది. ఎండేకొద్దీ ఆ పాయలు లోపలికి ముడుచుకుని దారాల్లా అయ్యేవి. కొత్త చాప మీద నీళ్లు చిలకరిస్తే చెరువుగట్టు వాసన వచ్చేది.

రైతుల భయం పేరు వల్ల వచ్చింది. మెట్టచేలను, తోటలను పీడించేది తుంగముస్త. పీకితే పైగడ్డి ఊడివస్తుంది, వాసనగల గడ్డలు మాత్రం గొలుసులా మట్టిలో ఉండిపోయి మళ్లీ మొలుస్తాయి. చాపతుంగ దానికి చుట్టమే గానీ, దీనికి ఏడాదిలో ఎక్కువకాలం పాదు తడిగా ఉండాలి. అల్లుకున్న దీని వేళ్లు అలల కోతకు మట్టి జారకుండా పట్టి ఉంచుతాయి. ఆ గుబుర్లలో నీటికోళ్లు గూళ్లు కట్టుకుంటాయి.

అసలు నా దిగులు వేరే. కోసినా తుంగ మళ్లీ వస్తుంది, మా వాళ్లు ఏటా కోసేవారు. యంత్రంతో గట్టు వెంట నిలువుగా తవ్వితే మాత్రం దానికి నిలదొక్కుకునే చోటే ఉండదు. కొల్లేరు సరస్సు 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలల జాబితాలో చేరింది. అప్పటికే అక్కడి పల్లపు నేల ఎంతో చేపల చెరువులుగా మారిపోయింది. గట్లు పోసి నీరు నిలగట్టాక నెమ్మదిగా దిగే అంచు ఎక్కడ మిగులుతుంది? పూడిక నడి చెరువులో తీసుకోమనండి, ఆ వాలును మాత్రం ముట్టుకోవద్దనండి.

అడిగినవారు:
ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను. మూడు పలకలే. వాలు ఎంతమేర వదలమని అడగాలి?

జవాబు 2:
వానాకాలంలో నీరు ఎక్కిన గుర్తు గట్టు మీద మరకగా ఉంటుంది. అక్కడొక కర్ర పాతండి. ఇప్పుడు నీరు దిగిన చోట ఇంకొకటి. ఆ రెండింటి మధ్య నేల తుంగది.