అప్‌డేట్: దోహాలో మా మొదటి రంజాన్

దోహాలో ముస్లిమేతరులమైన మేము రంజాన్ వేడుకల్లో పిల్లలతో పాల్గొనవచ్చా అని గతంలో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఉపవాస వేళల్లో బహిరంగంగా తినడం నిషిద్ధమైనా ఇంట్లో వంటకు ఆటంకమేమీ కలగలేదు. కార్మిక చట్టం ప్రకారం పని వారానికి 36 గంటలకు తగ్గడంతో (జీతం తగ్గలేదు లెండి) మావారు సాయంత్రాలు ఇంట్లోనే ఉన్నారు. అసలు ఆనందం మాత్రం నెల సగమయ్యాక, 14వ రాత్రి జరిగే గరంగావులోనే దొరికింది: సంప్రదాయ దుస్తులు వేసుకున్న పిల్లలు పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగి, సంచుల్లో గింజలు, మిఠాయిలు పోగుచేసుకుంటారు. పక్కింటి ఖతరీ ఆవిడ మా అమ్మాయికీ ఒక సంచి కుట్టించి, తన పిల్లలతో పంపారు. ఈద్‌కు ఖర్జూరాలు పట్టుకెళ్లమని మీలో చాలామంది చెప్పారు గానీ, అవి వాళ్లింట్లో పుష్కలంగా ఉంటాయి కనుక నేను సున్నుండలు తీసుకెళ్లాను. బక్రీద్‌కు వాళ్లు మాంసం పంపితే, శాకాహారులమైన మేము వాళ్లు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో అనుభవమున్నవారు తెలుపగలరు.