చర్చ: ఐలా దీవిలో కిల్‌హోమన్ విస్కీ బట్టీ చూడటానికి అంత దూరం వెళ్లవచ్చా?

పాలమూరు_బాటసారి
జూన్‌లో గ్లాస్గోలోని చెల్లెలి ఇంటికి వెళ్తున్నాం. అక్కడి నుంచి ఐలా దీవికి వెళ్లి రెండు రోజులు ఉండాలని ఆలోచన. లఫ్రోయిగ్, లాగవూలిన్, ఆర్డ్‌బెగ్ బట్టీలు మూడూ దక్షిణ తీరంలో వరుసగా ఉన్నాయి. కిల్‌హోమన్ మాత్రం పడమటి అంచున విడిగా ఉంది. పాత పొలం కొట్టాల్లో పెట్టిన చిన్న బట్టీ కోసం ఒక పూట కేటాయించవచ్చా? మా ఆయన తాగరు. ఆ బాధ్యత నాది.

క్లైడ్_ఒడ్డున
ఒక్కదానికే వీలుంటే నేను కిల్‌హోమన్‌కే వెళ్తానండీ. ఈ రోజుల్లో చాలాచోట్ల మాల్టు లారీల్లో దిగుతుంది, మనకు చూపించేది రాగి పాత్రలు, గొట్టాలే. ఇక్కడ రాక్‌సైడ్ పొలంలో పండిన బార్లీని నానబెట్టి, గచ్చు మీద పరిచి మొలకెత్తిస్తారు. రాగుల మాల్టుకు అమ్మ చేసే పనే, కాకపోతే గది నిండా! వేళ్లు చిక్కుపడకుండా, గింజ వేడెక్కకుండా తిరగేస్తూనే ఉంటారు. గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే అచ్చం పచ్చి దోసకాయ వాసన. మొలక చాలనుకున్నాక కింద పీట్ రాజేసి పొగ పట్టిస్తారు. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా పేరుకుపోయిన నాచు, గడ్డి. మంట తక్కువ, పొగ ఎక్కువ.

అడ్డుప్రశ్న
పొలం కథను కాస్త తగ్గించుకుని వినండి. అక్కడ కాచేదాంట్లో ఎక్కువ భాగానికి మాల్టు అదే దీవిలో పోర్ట్ ఎలెన్ ఊళ్లోని పెద్ద మాల్టు కర్మాగారం నుంచే వస్తుంది. దుకాణాల్లో సులువుగా దొరికే వాళ్ల విస్కీ ‘మాకిర్ బే’ ఆ రకమే. సొంత బార్లీది కావాలంటే సీసా మీద ‘100% ఐలా’ అని చూసుకోవాలి. జేబుకు బరువు కూడా.

ఉప్పల్_కెమిస్ట్రీ
అడ్డుప్రశ్న గారు చెప్పింది నిజమే, కానీ నేను దాన్ని లోపం అనను. పొగ ఘాటును ఫీనాళ్ల (పీట్ పొగ నుంచి మాల్టుకు పట్టే వాసన రసాయనాల) లెక్కలో కొలుస్తారు. పోర్ట్ ఎలెన్ మాల్టులో పది లక్షల భాగాలకు 50 దాకా, సొంత మాల్టులో 20 దాకా ఉంటాయి. అందుకే రెండో దాంట్లో ముందు నిమ్మతొక్క, ధాన్యం రుచి తగిలి, ఆ తర్వాత పొగ వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి రుచి చూడండి, బార్లీ సంగతి నాలుకకే తెలుస్తుంది.

వీళ్ల మొండితనం కూడా నాకు నచ్చుతుంది. 2005లో మొదలుపెట్టారు. అంతకుముందు 124 ఏళ్లుగా ఆ దీవిలో కొత్త విస్కీ బట్టీ రాలేదు. మరుసటి ఏడాదే మాల్టు ఆరబెట్టే కొలిమి కాలిపోయింది. పైగా ఓక్ పీపాలో మూడేళ్లు ఊరనిదే స్కాచ్ అని అమ్మకూడదు. మొదటి విస్కీ సీసా 2009లో గానీ బయటికి రాలేదు. అన్నేళ్లు పెట్టుబడి పీపాల్లో మగ్గడమే! అయినా నిలబడి, 2015లో పొలాన్నే కొన్నారు, 2019లో రెండో బట్టీ గది కట్టారు. పిప్పి వృథా పోదు, పశువుల మేతకు వెళ్తుంది.

పాలమూరు_బాటసారి
అయితే వెళ్తున్నాం. దారి ఎలా ఉంటుంది? తాగని మనిషికి అక్కడ పొద్దుపోతుందా?

క్లైడ్_ఒడ్డున
చివరి దారి ఒక్క బండి పట్టేంతే. ఎదురుగా బండి వస్తే పక్కన వదిలిన జాగాలో ఆగాలి. దాటేటప్పుడు చెయ్యి ఊపడం అక్కడి మర్యాద, ఊపకపోతే కొత్తవాళ్లని ఇట్టే పసిగడతారు. బండి మీ ఆయనకే ఇవ్వండి. స్కాట్లాండ్‌లో 2014 నుంచి మద్యం పరిమితి ఇంగ్లండ్ కంటే తక్కువ: 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములే. ఆయనకు ఆ విస్కీకి పేరిచ్చిన మాకిర్ బే ఇసుకతీరం దగ్గరే, నడవడానికి చాలా బాగుంటుంది. నీళ్లలోకి మాత్రం దిగనివ్వకండి, లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి.

అడ్డుప్రశ్న
అన్నిటికంటే ముందు ఓడలో కారుకు చోటు రాయించుకోండి. కెనాక్రెయిగ్ రేవు నుంచి దీవికి సుమారు రెండు గంటలు. వేసవిలో కారు చోట్లు తొందరగా నిండిపోతాయి, మే నెలాఖరు విస్కీ పండుగ రోజుల్లో అయితే చెప్పనక్కర్లేదు. భారతదేశానికి సీసాలు తెచ్చుకునేటట్లయితే, సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లే. తాగని ఆయన వాటా కూడా మీదే కదా.

పాలమూరు_బాటసారి
ఆయన వాటా ముందే అడిగి పెట్టుకున్నాను.