నక్షత్రాల పుట్టుక ఒకచోట మొదలై పక్కకి అంటుకుంటుందా?

గవర్నర్‌పేట గగనం:
పెద్ద మెజెల్లానిక్ మేఘం మనకి 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న చిన్న గెలాక్సీ. (బెజవాడ నుంచి చూద్దామని ఆశపడకండి. డిసెంబర్ అర్ధరాత్రి కూడా దక్షిణాన నాలుగైదు డిగ్రీలకి మించి లేవదు. ఆ కాస్తా ఊరి లైట్లు మింగేస్తాయి.) అందులో నక్షత్రాలు పుట్టే ఎన్11 అనే ప్రాంతం ఉంది. నడుమ ఎల్‌హెచ్9 అనే నక్షత్రాల గుంపు తన చుట్టూ ఉన్న గ్యాస్‌ని ఊడ్చేసి పెద్ద ఖాళీ చేసింది. ఆ ఖాళీ అంచున ఎల్‌హెచ్10 అనే ఇంకో గుంపు ఉంది, వయసులో చిన్నది. పెద్ద నక్షత్రాల వెలుతురు, గాలులు గ్యాస్‌ని నెట్టి కుప్ప చేస్తాయి, ఆ కుప్ప తన బరువుకే కుంగి కొత్త నక్షత్రాలవుతుంది. ఇలాంటి వరస గురించి ఎల్మెగ్రీన్, లాడా అనే ఖగోళ శాస్త్రవేత్తలు 1977లోనే రాశారు. ఇంకా అనుమానం దేనికి?

బ్రాడీపేట మాస్టారు:
పక్కనే ఉంది, తర్వాత పుట్టింది. ఇంతేగా మీ సాక్ష్యం? నూజివీడు తోటలో ఒక మామిడి పూసిన వారానికి పక్కది పూస్తే, మొదటిదే రెండోదాన్ని పూయించిందంటామా? 2015లో జేమ్స్ డేల్ బృందం కంప్యూటర్‌లో మేఘాలని పెద్ద నక్షత్రాల ప్రభావంతో ఒకసారి, అది లేకుండా ఒకసారి నడిపి చూసింది. నెట్టడం వల్ల పుట్టినవేవో, ఎలాగూ పుట్టేవేవో అంచులు, స్తంభాలు చూసి నమ్మకంగా చెప్పలేమని తేలింది.

పట్నంబజారు పిల్ల:
మాస్టారికే నా ఓటు. అదే గెలాక్సీలో ఎల్‌ఎంసీ4 అనే మహా గ్యాస్ బుడగ ఉంది, అడ్డంగా దాదాపు 4 వేల కాంతి సంవత్సరాలు. మధ్యలో మొదలైన పుట్టుక అంచులకి పాకిందని 1985లో అన్నారు. 1997లో నక్షత్రాల వయసులు లెక్కగడితే మధ్య నుంచి బయటికి తగ్గుతూ పోయే వరసే కనబడలేదు.

గవర్నర్‌పేట గగనం:
అమ్మాయ్, అంత పెద్ద బుడగలో పాకలేదని ఎన్11 లాంటి చిన్నచోట కూడా పాకలేదంటే ఎలా? పోనీ మాస్టారూ, నెట్టింది పాత నక్షత్రాలు కాకపోతే ఇంకెవరు?

బ్రాడీపేట మాస్టారు:
పక్క గెలాక్సీ కావచ్చు. అదే పెద్ద మేఘంలో నక్షత్రాలు పుట్టే ఇంకో చోటు, టరాంటులా నెబ్యులా సంగతే చూడండి. సుమారు 20 కోట్ల ఏళ్ల కిందట చిన్న మెజెల్లానిక్ మేఘం దగ్గరగా వచ్చిపోయినప్పుడు చెదిరిన హైడ్రోజన్ ప్రవాహాలు ఇప్పుడు గుద్దుకుని అందులోని ఆర్136 అనే నక్షత్రాల గుంపుని పుట్టించాయని ఫుకుయి బృందం 2017లో ప్రతిపాదించింది. రెండు వేర్వేరు వేగాల గ్యాస్, వాటి మధ్య వంతెనలా ఇంకొంత గ్యాస్ వాళ్లకి కనబడ్డాయి. మీ ఎన్11లో కూడా ముందు గ్యాస్ వేగాలు తీయండి. ఖాళీ ఎంత వేగంతో పెరిగిందో, ఎల్‌హెచ్10 వయసుకి అది సరిపోతుందో లేదో లెక్కేసి పెట్టండి. అప్పుడు మాట్లాడుకుందాం.